ధర చెప్పలేని బట్టీవాడు

తొలి నమాజు పిలుపు ఆగేసరికే బూషైబ్ బట్టీలో కట్టెలు ఎర్రబడ్డాయి. ఒకప్పుడు ఆ వేళకి సందు పొడుగునా ఆడపిల్లలు ఇంట్లో పిసికిన రొట్టెపిండి పలకల మీద పెట్టి, నెత్తిన మోసుకొచ్చి, కాల్పించుకోడానికి బారులు తీరేవారు. ఇవాళ గుమ్మం దగ్గర ఏడంటే ఏడు పలకలు. మొరాకోలోని ఆ మెక్నెస్ పాతబస్తీలో ఇంటింటికీ గ్యాసు పొయ్యి వచ్చింది, కొత్త వీధుల్లోకి ఫ్యాక్టరీ మరరొట్టె వచ్చింది. ముప్పై ఏళ్లు ఊరందరి రొట్టెలూ కాల్చినవాడికి దక్కింది చేతుల మీద మచ్చలు, గుమ్మం పక్కన ఒక రేకు డబ్బా. అందులో ఎవరికి తోచినంత వాళ్లు వేసి పోతారు. ఇంత ఇవ్వమని అతను ఏనాడూ నోరు తెరిచి అడగలేదు. అతని తండ్రీ అడగలేదు. అడగనివాడిని మంచివాడంటుంది లోకం. అంతకుమించి ఇవ్వదు.

"శుక్రవారం ఈ చోటు కొనే తౌఫిక్ వస్తాడు. ఈ బట్టీ పడగొట్టి యాత్రికులకి విడిది కడతాడట. సంతకం పెట్టేస్తాను," అన్నాడు భార్య రహ్మా చేతిలోంచి టీ గ్లాసు అందుకుంటూ.

మెట్ల మీంచి దిగుతున్న కూతురు గిజ్లాన్ ఆగిపోయింది. పనిచేసే రొట్టెల ఫ్యాక్టరీ మూతపడి ఆమె ఇంటికొచ్చి మూడు నెలలైంది.

"బట్టీ నాకివ్వు నాన్నా. మనమే రొట్టెలు చేసి అమ్ముదాం."

"అమ్ముతావా? మన ఇంటా వంటా ఉందా? మనం నలుగురి రొట్టె కాల్చి పెడతాం, అమ్ముకోం. రేపు మీ అమ్మ సందు మొగలో గంప పెట్టుకుని రండి బాబూ రండి అని అరవాలా?"

"అరిస్తే నోరేం అరిగిపోదు," అంది రహ్మా.

గిజ్లాన్ నవ్వాపుకుంది. "శుక్రవారం దాకా ఆగు నాన్నా. రోజుకి ముప్పై రొట్టెలే చేస్తాను. పోతే ఓ బస్తా పిండి పోతుంది, బట్టీ పోదు కదా."

మొదటిరోజు ముప్పై తెల్లటి రొట్టెలు చేసింది. పదకొండు అమ్ముడయ్యాయి. బూషైబ్ మిగిలినవాటిని వేలితో నొక్కి చూశాడు.

"మేకకి పెట్టు. అది కూడా మరరొట్టెలా ఉందనే అంటుంది."

ఆ మాట గిజ్లాన్‌కి సూదిలా గుచ్చుకుంది. అయినా ఏడుస్తూ కూర్చోలేదు. కొన్నవాళ్లని వదిలేసి, కొననివాళ్ల గడపలు తొక్కి అడిగింది. మూడిళ్ల అవతలి ముసలావిడ లల్లా తామూ ఉన్నమాట అనేసింది. "కొట్టు రొట్టే తినాలంటే కొట్టుకే పోతాను. నీ దగ్గరికెందుకే పిల్లా?" ఆ మర్నాటి నుంచి గిజ్లాన్ పొద్దుటిపూట ఆ ఇంట్లోనే గడిపింది. ఎందుకని తండ్రి అడగలేదు, ఆమె చెప్పలేదు.

శుక్రవారం వచ్చింది. గుమ్మంలో కొత్త పలక ఒకటి కనబడితే బూషైబ్ ఎవరిదో చూడకుండానే రొట్టెల్ని బట్టీలోకి తోశాడు. కాసేపటికి పొడుగాటి చెక్క పారతో మొదటి రొట్టె బయటికి లాగి, ఉన్నచోటే నిలబడిపోయాడు.

"లల్లా తామూ ఇంటి పలక ఎవరు తెచ్చారు? ఆవిడ చేతులు వంకరపోయి ఆరేళ్లాయె!"

"ఆవిడదేనని నీకెలా తెలుసు?"

"ఎలా తెలుసేంటే? సోంపు వేయించి మరీ వేస్తుంది. అంచు మందం, నడుమ పల్చన. నీ మొహమన్నా మర్చిపోతానేమో గాని ఆ రొట్టెని మర్చిపోను."

"పిండి పిసికింది నేను. పక్కన కూర్చుని తిట్టింది ఆవిడ. రొట్టెకింత అని ఆవిడకీ వాటా ఇస్తానన్నాను."

"తిట్లు మాత్రం ఉచితమేనోయ్ బూషైబ్!" అంది అప్పుడే వచ్చి గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్న లల్లా తామూ.

గిజ్లాన్ తండ్రి దగ్గరికి వచ్చింది. "ఈ సందులో ఎన్ని ఇళ్ల రొట్టెలు నీకు గుర్తున్నాయి నాన్నా?"

బూషైబ్ కళ్లు మూసుకున్నాడు. దర్జీ వాళ్లింటి యవల రొట్టె. మంత్రసాని చేసే నువ్వుల రొట్టె. గుర్రపు జీనులు కుట్టేవాడి ఇంటి తవుడు రొట్టె... చేతివేళ్లు చాల్లేదు.

"ముప్పై ఏళ్లలో ఏమీ మిగల్లేదని రోజూ కుమిలిపోతావు. మరి ఇదంతా ఏమిటి? ఈ రుచి ఏ ఫ్యాక్టరీకి తెలుసు?"

అతను మొహం బట్టీ వైపు తిప్పుకున్నాడు. "పొగ," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. పొగేమో అవతలి వైపుకి పోతోంది. తర్వాత ఎవరినీ ముట్టుకోనివ్వని పారని కూతురి చేతికిచ్చాడు. "అలా కాదు, చివర పట్టుకో. నడుమ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది."

మసీదు నుంచి జనం వచ్చేసరికి సోంపు వాసన సందు దాటింది. కొత్త వీధుల్లో కాపురముంటున్న లల్లా తామూ కొడుకు ఒక ముక్క నోట్లో పెట్టుకుని తల్లి వైపు చూశాడు. పది రొట్టెలు కొని చంకన పెట్టుకున్నాడు. అతని వెనక లైను దర్జీ ఇంటిదాకా పాకింది.

ఆ లైను పక్కనుంచే కాగితాలతో తౌఫిక్ వచ్చాడు. పలక మీంచి ఒక రొట్టె అందుకుని, తుంచి నములుతూ, "బాగుందోయ్. సంతకం పెడదామా?" అన్నాడు.

బూషైబ్ నోరు తెరిచాడు. తాతల నాటి నుంచి ఆ బట్టీవాళ్లెవరూ పలకని మాట అది.

"నాలుగు దిర్హమ్‌లు."

"ఏంటీ?"

"రొట్టె. ఒక్కోటి నాలుగు దిర్హమ్‌లు." ఈసారి సందంతా వినబడింది. "ఇంకోటి కావాలంటే లైను దర్జీ ఇంటి దగ్గర మొదలవుతుంది."

రహ్మా రేకు డబ్బా తీసి తౌఫిక్ ముందు పట్టుకుంది.