తడికకు అవతల తెల్లకోళ్లు

నా కొత్త చొక్కా మీద కోడి రెట్ట వేసిన రోజే నేను లూదియాను మొదటిసారి చూశాను. 1957 జూన్‌లో, నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వచ్చే బస్సులో.

ఆమె నా ముందు సీటులో కూర్చుంది. కాళ్ల దగ్గర పెద్ద గంప. గంప సందుల్లోంచి ఐదు తెల్లటి సీమజాతి కోళ్లు తొంగిచూస్తున్నాయి. శిరివెళ్ల దాటాక బస్సు గుంతలో పడింది. గంప ఒరిగి మూత ఊడింది. ఒక కోడి ఎగిరొచ్చి నా భుజం మీద వాలి, చేయాల్సింది చేసేసింది.

"ఏందమ్మా ఇది! ఉద్యోగంలో చేరినాక కుట్టించుకున్న మొదటి చొక్కా!"

"భయపడింది పాపం."

"చొక్కానా?"

"కోడి!"

నవ్వు ఆపుకోవడానికి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లను మాత్రం దాచలేకపోయింది. నా కోపం ఆళ్లగడ్డ రాకముందే ఎక్కడో దిగిపోయింది.

బస్టాండులో ఆమే అడిగింది. "నరసమ్మగారి ఇల్లు యాడండీ? ఆడ ముందర గది బాడుగకు తీసుకున్నా. ఈ ఊరికి కొత్త టీచర్ని."

"మా అమ్మే" అన్నాను. అనగానే ఆ గంప వైపు చూసి గతుక్కుమన్నాను.

అనుకున్నంతా అయింది. అమ్మ గడపలోనే నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు రా బిడ్డా. కోళ్లు మాత్రం రాకూడదు."

ముందటేడు మాకు ఇరవై నాటుకోళ్లుండేవి. పక్కింటి హుస్సేన్‌బీ ప్రేమగా రెండు పెట్టలిస్తే అమ్మ వాటిని అదే రోజు మందలో వదిలింది. వారం తిరిగేసరికి కొక్కెర తెగులు. మిగిలినవి ఆరే. ఆ రోజు నుంచి అమ్మ హుస్సేన్‌బీతో మాట్లాడలేదు. ఇరవై ఏళ్ల స్నేహం పోయింది.

"ఇవి మా అమ్మ పెంచినవి" అంది లూదియా మెల్లగా. "ఆమె పోయి మూడు నెలలు. నాయనకు సాకడం చాతకాదు. నేను యాడుంటే ఇవీ ఆడే."

అమ్మ నా వైపు చూసింది. నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని.

"పదైదు దినాలు పెరట్లో ఆ మూల వేరేగా పెడదాంలేమ్మా. నేను చూసుకుంటా" అన్నాను.

మరుసటి పొద్దునే కందికట్టెతో తడిక అల్లి పెరటికి అడ్డం కట్టాను. అటు తెల్లవి, ఇటు నాటువి. నీళ్ల ముంత వేరు, గింజలు వేరు. ఒకదాన్నొకటి చూసుకోవచ్చు, పొడుచుకోలేవు. రోజూ ఆసుపత్రి నుంచి రాగానే కాళ్లు చేతులు సబ్బుతో కడుక్కొని వాటిని పరీక్ష చేసేవాణ్ని.

"నిన్ననే చూసినారు గదా?" అనేది లూదియా.

"నిన్నటి కోడి నిన్న. ఈ దినం ఎట్లుందో?"

"పొద్దున కూడా వచ్చినారు."

"డ్యూటీ అండీ."

"మీ డ్యూటీ కోళ్లను వదిలి ఈ పక్కకు చూస్తాండాది" అని లోపలికి పోయేది. నవ్వుతూనే పోయేది.

పదో రోజు, ఆదివారం మధ్యాహ్నం, ఒక తెల్లకోడి నోరు తెరిచి రెక్కలు వాల్చేసింది. అమ్మ చూసింది.

"అయిపాయ! మళ్లీ అదే! రేయ్ దేవరాజూ, సాయంత్రం బస్సుకే వీటిని పంపెయ్!"

"ఎండదెబ్బమ్మా. తెగులైతే మెడ తిరుగుతాది, రెట్ట పచ్చగా పారుతాది. అవేం లేవు. నీళ్లతో తడిపి నీడలో పెడితే లేస్తాది."

"పోయినసారి హుస్సేన్‌బీ కూడా ఏం కాదనే చెప్పింది!"

 లూదియా గంప తెచ్చుకుని కోళ్లను ఒక్కొక్కటిగా ఎత్తి పెడుతోంది.  ఏడాదిగా దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"అమ్మా, ఆ తెగులు తెచ్చింది హుస్సేన్‌బీ కాదు. నేను."

"ఏందీ?"

"ఆ వారం చాగలమర్రి దగ్గర చచ్చే కోళ్లకు మందు పోసొచ్చినా. కాళ్లు కడుక్కోకుండా అదే చెప్పులతో పెరట్లో తిరిగి గింజలేసినా. ఆమె ఇంట్లో ఒక్క కోడీ చావలేదు. అది చూసినాకే నాకు తెలిసింది. భయపడి చెప్పలేదు."

అమ్మ అరుగు మీద కూలబడింది. లూదియా నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

"ఏడాది పాటు ఒకామె మీద నింద మోపి ఊరుకున్నారా?" అని గది తలుపేసుకుంది.

ఎండ తగ్గేసరికి ఆ కోడి లేచి గింజలు తింది. మేమిద్దరం, అమ్మా నేనూ, హుస్సేన్‌బీ ఇంటికి పోయాం. నేను తల దించుకొని అంతా చెప్పాను. ఆమె అమ్మ వైపు తిరిగింది.

"పండగనాడు సేమియా గిన్నె పట్టుకొని మీ వాకిలి దాకా వచ్చి తిరిగిపోయినా నరసమ్మా" అంది.

అమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకొని ఏడ్చింది. ఆ తర్వాత హుస్సేన్‌బీ నా చెవి మెలిపెట్టింది. నొప్పి పుట్టింది కానీ, ప్రాణానికి హాయిగా ఉంది.

పదిహేను రోజులు నిండిన సాయంత్రం, నాటుకోళ్లు గూట్లో సర్దుకున్నాక, హుస్సేన్‌బీ, అమ్మా కలిసి తెల్లవాటిని ఒక్కొక్కటిగా లోపలికి వదిలారు. తెల్లారగానే నాటుకోళ్లలోని పెద్దపెట్ట కయ్యానికి దిగింది. అమ్మ జొన్నలు నాలుగు చోట్ల చల్లింది, ఓడినవాటికీ దొరకాలని. మూడు రోజులు పొడుచుకున్నాయి, తరుముకున్నాయి. నాలుగో రోజు అన్నీ ఒకే గుంటలో దుమ్ము పోసుకుంటూ పడుకున్నాయి.

తడిక విప్పుతుంటే లూదియా వచ్చి పక్కన నిలబడింది. అన్ని రోజుల తర్వాత.

"నంద్యాల బళ్లో ఖాళీ ఉందంట. వచ్చెయ్యమని నాయన ఉత్తరం రాసినాడు."

నా చేతిలో కట్టె ఆగిపోయింది. "ఏమని రాసినారు?"

"రానని."

"ఎందుకని రాసినారు?"

"కోళ్లు ఇప్పుడిప్పుడే అలవాటు పడినాయని."

"అంతేనా?"

"మిగతాది నువ్వే వచ్చి నాయనకు చెప్పుకో."

మొదటిసారి 'నువ్వు' అంది. నేను చేతిలో కట్టె కింద పెట్టేలోపే వంటింట్లోంచి అమ్మ కేక వినబడింది.

"రేయ్, ఆదివారం మొదటి బస్సుకే పోదాం! హుస్సేన్‌బీ కూడా వస్తాదంట!"

ఆ బస్సులో అమ్మా, హుస్సేన్‌బీ ఏడాది మాట్లాడుకోని మాటలన్నీ నంద్యాల దాకా మాట్లాడుకున్నారు. లూదియా వాళ్ల పక్కన కూర్చుంది. నేను వెనక సీటులో కూర్చుని, లూదియా నాయన దేవసహాయంగారిని పిల్లనిమ్మని ఎలా అడగాలో దారి పొడవునా వల్లె వేసుకున్నాను. తీరా ఆయన ఎదుట కూర్చుంటే ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

లూదియానే చెప్పింది.