క్వారీ చర్చిలో గుసగుస

క్వారీ రోడ్డు చివరున్న చర్చి వైపు చీకటి పడ్డాక ఎవరూ పోరు. అక్కడ పాపసంకీర్తనం చేసే చెక్కగది ఒకటుంది, మధ్యలో జాలీ, దానికి ఇటు ఫాదర్ గారి కుర్చీ, అటు మోకరించి పాపాలు చెప్పుకునే చోటు. అందులోంచి గుసగుసలు వినిపిస్తాయట. మనిషి ఉండడట... మాట మాత్రం ఉంటుందట. లారీ డ్రైవరొకడు నీళ్ళ కోసం మెట్లెక్కి, ఆ గొంతు విని, దిగడానికి మెట్లున్నాయన్న సంగతే మర్చిపోయి దూకేశాడని చెబుతారు. అతని కాలు విరిగిందో లేదో గానీ, కథ మాత్రం చుట్టుపక్కలంతా నడిచింది.

ఇవేవీ తెలియకుండానే మా బాబాయ్ అక్కడికి వెళ్ళాడు. ఆయన నాకు ఎలా చెప్పాడో అలాగే చెబుతున్నాను.

బాబాయ్ కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఫ్రేములో పట్టేలా అంచు అరగదీసి, వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ అరగదీస్తాడు. ముప్ఫయ్యేళ్ళుగా అదే పని. పిన్ని పోయిన నాలుగో రోజునే షాపుకి వచ్చేశాడు. ఏడవలేదు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఉప్పు తక్కువైనా తెలిసేది కాదు, ఎక్కువైనా తెలిసేది కాదు.

ఇంటి నుంచి పొద్దున బయల్దేరితే రాత్రికి తిరిగొచ్చేంత దూరంలో ఏడు చర్చిలున్నాయని, అన్నీ ఒక్కసారి చూసి రావాలని పిన్ని అంటూ ఉండేది. ఆదివారం పూజయ్యాక ఆమెకి బట్టలుతుకుడు, ఈయనకి నిద్ర. వచ్చే వారం, వచ్చే వారం అంటూండగానే ఆమె మంచం పట్టింది.

ఆమె పోయిన ఏడు నెలలకి బాబాయ్ బయల్దేరాడు. భక్తి పుట్టుకొచ్చి కాదు. ఆదివారం ఇంట్లో ఉంటే ఏం చేయాలో తెలియక. వారానికొక చర్చి. బస్సెక్కడం, దిగడం, లోపల కాసేపు కూర్చోవడం, వచ్చేయడం. రెండో దాంట్లో రంగుటద్దాల కిటికీలున్నాయి. అందరూ తలలెత్తి చూస్తుంటే, ఈయన మాత్రం ఓ మూల ముక్క అంచు సరిగ్గా అరగదీయలేదని గమనించాడు. నాలుగో దాంట్లో ఎవరిదో పెళ్ళి జరుగుతోంది. ఫోటోలు తీసే అతను పెళ్ళికొడుకు వైపు కూర్చోమంటే కూర్చున్నాడు. ఆ ఆల్బమ్‌లో ఈయన ఇప్పటికీ పెద్దమనిషిలా ఉండే ఉంటాడు.

ఏడోది ఈ క్వారీ చర్చి.

దారిలో బస్సు చెడిపోయింది. చేరేసరికి పొద్దుగూకింది. తిరుగు బస్సు అరగంటలో వస్తుందని కండక్టరు చెప్పాడు... గంటైనా రాలేదు. ఈదురుగాలితో వాన మొదలైంది. చర్చి తలుపు దగ్గరగా వేసి ఉంది, తాళం లేదు. తోసుకుని లోపలికి వెళ్ళాడు.

క్వారీ మూతపడ్డాక ఆ ఊళ్ళో సగం మంది వెళ్ళిపోయారు. ఫాదర్ గారు రెండు నెలలకోసారి వచ్చి పూజ చేసి పోతారు. బెంచీలు కూడా వేరే చర్చికి పట్టుకుపోయారు. కూర్చోవడానికి ఉన్నదల్లా ఆ చెక్కగదిలో ఫాదర్ గారి కుర్చీ. అందులో కూర్చోవచ్చా కూడదా అని బాబాయ్ ఆలోచించలేదు. కూర్చుని, చలిగాలికి తలుపు వేసుకున్నాడు. కన్నంటుకుంది.

మెలకువ వచ్చేసరికి కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి. వాన ఆగిపోయింది. ఎక్కడో చూరు నుంచి ఒక్కో చుక్క పడుతోంది...

అప్పుడు వినిపించింది.

చెవి పక్కనే. జాలీకి అవతల. ఎవరో ఊపిరి తీసుకున్నారు.

"తండ్రీ... మళ్ళీ నేనే."

 భయం వేసిందా అని బాబాయ్‌ని అడిగాను. వేసింది, మీ పిన్ని పోయాక నాకు ఏమైనా అనిపించిందంటే అదొక్కటే అన్నాడు.

ఆ గొంతు ఆగలేదు. ఆడగొంతు, బాగా పెద్దావిడది. జాలీలోంచి సన్నగా, పొడిగా వస్తోంది. క్వారీలో మందుగుండు పేల్చే ముందు సైరన్ మోగించడం తన పనట. ఒకరోజు ఎవరితోనో కబుర్లలో పడి ఆలస్యం చేసిందట. ముందు గుండు పేలింది... తర్వాత సైరన్ మోగింది. తన తమ్ముడు దగ్గరలోనే ఉన్నాడు. ప్రాణం దక్కింది గానీ రెండు చెవులూ పోయాయి.

"సైరన్ మోగే ఉంటుంది, నేనే పరాగ్గా ఉండి వినలేదని మా తమ్ముడు అందరికీ చెబుతాడు తండ్రీ. ఇరవై ఏళ్ళ నుంచి. కాదని నేను చెప్పలేదు."

ఆమె ఆగింది. జవాబు కోసం ఆగినట్టు కాదు, అలవాటుగా ఆగినట్టు. ఆ నిశ్శబ్దంలో బాబాయ్ నోట్లోంచి, ఆయన ప్రమేయం లేకుండానే, చిన్న శబ్దం వచ్చింది.

"ఊఁ."

అవతల ఏదో దబ్బుమని పడింది.

 ఇటు ఈయన దెయ్యమనుకుని బిగుసుకుపోయాడు, అటు ఆమె దెయ్యమనుకుని కూలబడిపోయింది. చివరికి అటు నుంచే అడిగారు, "ఎవరు బాబూ?" అని. బస్సు తప్పిపోయిన మనిషిని అన్నాడు బాబాయ్. టార్చి వెలిగింది. జాలీ చిల్లుల్లోంచి ముడతలు పడ్డ ముఖం, దారంతో కట్టిన కళ్ళజోడు కనిపించాయి.

చర్చి తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుందట. ఆదివారం పొద్దున తలుపు తీసి పెడుతుంది, చీకటి పడ్డాక వచ్చి ఖాళీ కుర్చీకి చెప్పుకుని, తాళం వేసి పోతుంది. ఇన్నేళ్ళూ ఊరిని భయపెట్టిన గొంతు ఆమెదే. మరి ఫాదర్ గారికి చెప్పలేదా అని అడిగాడు బాబాయ్. చెప్పాను, ఆయన క్షమించేశారు, తమ్ముడికి చెప్పమని కూడా అన్నారు, ఆ ధైర్యమే లేదంది.

ఆమెకి కోపం రాలేదు. సిగ్గుపడలేదు కూడా. టార్చి ఈయన ముఖం మీద వేసి కాసేపు చూసింది.

"మీరు ఊరికే విన్న మనిషిలా లేరు, మీ దగ్గరా చెప్పుకోవలసింది ఏదో ఉన్నట్టుంది. లేవండి. నేనటు కూర్చుంటాను."

ఎందుకు లేచాడో బాబాయ్‌కే తెలియదు. ఆమె కుర్చీలో కూర్చుని టార్చి ఆర్పేసింది. ఈయన ఇవతల మోకరించాడు. 

"నలభై రాత్రులు ఆసుపత్రిలో కూర్చున్నాను. ఆఖరి రాత్రి మా ఆవిడ పిలిచింది. రెండుసార్లు. పాపం అలిసిపోయి నిద్రలో ఉన్నాడు, వినలేదని అందరూ అంటారు. మా అమ్మాయీ అదే అనుకుంటోంది."

చూరు నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

"నేను నిద్రపోలేదమ్మా. విన్నాను. మళ్ళీ లేవాలా అనిపించింది... కళ్ళు మూసుకునే ఉన్నాను. మూడోసారి పిలవలేదు."

ఆమె ఓదార్చలేదు. తప్పు కాదనీ అనలేదు, తప్పనీ అనలేదు. లేచి, బస్సు ఇక తెల్లారే దాకా రాదు, మా ఇంటికి రండి అంది.

రెండు గదుల ఇల్లు. తమ్ముడు, అంటే అరవై దాటిన మనిషి, తలుపు తీశాడు. ఈయన తడిసిన చొక్కా చూసి, ఏమీ అడక్కుండా తువ్వాలు తెచ్చిచ్చాడు. గోడకి పలక వేలాడుతోంది. అక్కాతమ్ముళ్ళ మాటలన్నీ దాని మీదే. ఆమె పలక తీసుకుంది. సుద్దముక్క పట్టుకుని నిలబడింది. తర్వాత రాసింది. నాలుగు వరుసలు.

ఏం రాసిందో బాబాయ్ చూడలేదు. అతను దీపం దగ్గరికి జరిగి చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చెరపకుండా, పలకని బోర్లించి బల్ల మీద పెట్టాడు. బాబాయ్‌కి మంచం చూపించి, అక్క దుప్పటి ఆమెకి ఇచ్చి, దీపం ఆర్పేశాడు.

ఆ చీకట్లో ముగ్గురిలో ఎవరి ఊపిరీ నిద్రపోతున్నవాళ్ళ ఊపిరిలా లేదన్నాడు బాబాయ్.

తెల్లవారుజామున లేచేసరికి అక్క పొయ్యి దగ్గర ఉంది. తమ్ముడు ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. బాబాయ్ వెళ్ళొస్తానని చెప్పి రోడ్డు మీదికి వచ్చాడు.

మొదటి బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే, మా ఊరి పేరు నోటిదాకా వచ్చింది. కాదని, తన కూతురు, అంటే మా చెల్లి, ఉండే ఊరికి టికెట్ తీసుకున్నాడు.