రెండో వాల్వు

ఉదయం తొమ్మిదింటికి కూతురు తన బేస్ గిటార్ యాంప్లిఫయర్‌ని మోసుకొచ్చి, వెనకగదిలో తండ్రి బల్ల మీద పెట్టింది. నెలలో ఇది మూడోసారి. గాజు వాల్వులతో నడిచే యాంప్లిఫయర్లు బాగుచేయడంలో ఆయనది ముప్పై ఏళ్ళ చేయి. కిందటి రెండుసార్లూ పది నిమిషాలు మోగించి చూసి, లోపమేమీ లేదని తేల్చేశాడు.

నిన్న సాయంత్రం కచేరీలో పాట మధ్యలో అది కీచుమందట. బృందమంతా తనవైపు తిరిగి చూశారని ఆమె తలవంచుకుని చెప్పింది. తీగ నొక్కేటప్పుడు వేలు జారుతోందేమో చూసుకోమన్నాడు ఆయన. పోయినసారి చెప్పిందీ అదే.

నిజానికి ఏడాదిగా ఆయన చెవులకు సన్నని శబ్దాలు అందడం లేదు. ఆ సంగతి భార్యకి కూడా చెప్పలేదు. వినపడని మెకానిక్‌ని ఎవరు నమ్ముతారన్న భయం ఆయన్ని లోలోపల తినేస్తోంది.

కూతురు కదల్లేదు. తన ఎదురుగానే ఒక్కో వాల్వునీ తట్టి చూపించమంది; లోపమున్న వాల్వుని తడితే స్పీకర్లో కీచుమంటుంది. తప్పించుకునే దారి లేక ఆయన స్విచ్చి వేశాడు. వాల్వులు ఎర్రగా వెలిగాక, పెన్సిల్ వెనకవైపుతో మొదటిదాన్ని మెల్లగా తట్టాడు. తర్వాత రెండోదాన్ని. తర్వాత మూడోదాన్ని.

"ఏం లేదు. అన్నీ బాగానే ఉన్నాయి," అన్నాడు.

ఇంతలో భార్య చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఏమండీ, ఏమిటా కీచుశబ్దం? వంటింట్లోకి వినిపిస్తోంది."

ఆయన చేతిలో పెన్సిల్ అలాగే ఉండిపోయింది. కూతురు దాన్ని తీసుకుని, ఆయన ముఖంలోకే చూస్తూ రెండో వాల్వుని మళ్ళీ తట్టింది. తల్లి ముఖం చిట్లించింది. ఆయన ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"నీకు వినపడటం లేదు కదూ, నాన్నా?"

ఆమె తన ఎడమచేయి చాపింది. నాలుగు వేళ్ళ కొసలూ బొబ్బలెక్కి, ఒకటి చితికి ఉంది.

"నీ మాట నమ్మి, తప్పు నా వేళ్ళదే అనుకున్నాను. నెలరోజులుగా ఇవి చితికేదాకా సాధన చేశాను. పొద్దున్నే మా బృందం నడిపే మాస్టారికి ఫోన్ చేసి, నా బదులు ఇంకొకళ్ళని చూసుకోమన్నాను."

ఆయన ఆ వేళ్ళను తన అరచేతిలోకి తీసుకున్నాడు. ఈ చేతికి మొదటి గిటార్ ఇచ్చింది ఆయనే. కళ్ళద్దాలు మసకబారాయి. చెవుల సంగతి బయటపడితే పని పోతుందని భయపడ్డానని చెప్పాడు. భార్య వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఇంటి గంట ఎన్నిసార్లు మోగినా ఆయన లేవకపోవడం చూసి తనకి ఎప్పుడో అనుమానం వచ్చిందనీ, ఆయనే చెబుతాడని ఊరుకున్నాననీ అంది.

స్విచ్చి ఆపి, వేడి చల్లారాక ఆయన రెండో వాల్వుని ఊడబీకి మూడోదాని చోట పెట్టాడు. మూడోది రెండోదాని చోటికి మారింది. మళ్ళీ స్విచ్చి వేశాక కూతురు తట్టింది, విని చెప్పింది. మోత ఆ వాల్వుతోపాటే చోటు మారింది. సాకెట్‌ది కాదు, వాల్వుదే లోపం. కొత్తది బిగించాక ఎక్కడ తట్టినా మోత లేదు.

ఆయన మాస్టారికి ఫోన్ కలపమన్నాడు.

"మాస్టారూ, తప్పు మా అమ్మాయి వేళ్ళది కాదు. వాల్వు పాడైంది. నాకు చెవులు సరిగ్గా వినపడక, అంతా బాగానే ఉందని చెప్పాను. ఇకమీదట నేను బాగుచేస్తే, విని చూసేది మా అమ్మాయే."

అవతలి వైపు నుంచి వచ్చిన జవాబు ఆయనకి అందలేదు. ఫోన్ కూతురికిచ్చాడు. ఆమె విని, కళ్ళు తుడుచుకుని ఏదో అంది.

ఏడాదిగా ఇలాంటప్పుడు ఆయన తలూపి ఊరుకునేవాడు. ఈసారి చెవిని ఆమె దగ్గరికి వంచి, "వినపడలేదమ్మా, ఇంకోసారి చెప్పు," అన్నాడు.

"ఆదివారం కచేరీకి నన్నే వాయించమంటున్నారు, నాన్నా," అంది ఆమె గట్టిగా.