మామ మొక్కు, అనపగింజల పులుసు

తెల్లారి ఇంత పొద్దెక్కినా దేవేంద్రప్ప ఇంకా రొట్టె ముట్టలేదు. జొన్నరొట్టెను తుంచి పాలలో వేసి, అది మెత్తబడేదాకా అరుగు మీద చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. కోడలు సిద్దమ్మ వాకిలి ఊడుస్తూ ఆ గిన్నె వంకే చూస్తోంది. ఆ పిల్లకు అదొక జబ్బు. ఏదైనా కంట పడిందంటే ఎందుకు, ఏమిటి అని తేల్చుకునేదాకా అన్నం సహించదు. పెళ్లయి ఎనిమిది నెలలైనా ఆ జబ్బు తగ్గలేదని అత్త మహాదేవమ్మ విసుక్కుంటూనే ఉంటుంది.

పైగా ఇప్పుడు ఇంట్లోకి ఒక వింత వచ్చి చేరింది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు ఒక ఆఫీసరు గారి సామానంతా సిద్దమ్మ మొగుడు రంగన్న ఎద్దులబండ్ల మీదే రైలుకు చేరింది. పోతూ పోతూ ఆ ఇల్లాలు తన సీమ కుక్కరును రంగన్న చేతిలో పెట్టి, దాన్ని వాడే పద్ధతి కూడా చెప్పి పోయింది. మూత బిగించి పైన గుండు పెడితే అది పాములా బుసకొడుతుంది. మహాదేవమ్మ దాన్ని వంటింట్లోకి రానివ్వలేదు.

"మూత తీసి సూడకుండా వండేది ఏం వంటమ్మీ? లోపల ఏమైతాందో ఎవురికి తెలుసు?" అంది.

లోపల ఏమవుతుందో తెలియదు కాబట్టే సిద్దమ్మకు దాని మీద అంత మోజు. పెరటి పొయ్యి మీద పెట్టి అనపగింజల పులుసు కాచింది. గింజలు వేలితో నొక్కితే వెన్నలా మెదిగాయి. అనపగింజలంటేనే వాయువని పక్కకు నెట్టే దేవేంద్రప్ప ఆ పూట మూడుసార్లు వేయించుకున్నాడు.

సిద్దమ్మకు అనుమానం పట్టుకుంది అక్కడే. మామ మూడేళ్ల కిందట అహోబిలం పోయివచ్చి, నరసింహస్వామికి మొక్కుకున్నానని మాంసం మానేశాడు. ఆయన నిష్ఠను ఊరంతా మెచ్చుకుంటుంది. బాగానే ఉంది. మరి ఆ మొక్కులో వేయించిన శెనక్కాయలు కూడా ఉన్నాయా? రొట్టె పాలలో నానితేగానీ తినొద్దని స్వామి చెప్పాడా? ఆదివారం పెరట్లో మాంసం ఉడుకుతుంటే ఎద్దులను చూసే నెపంతో ఈయన ఆ పొయ్యి చుట్టూ ఎందుకు తిరుగుతాడు?

ఆ మాటే రంగన్న చెవిన వేసింది.

"మీ నాయనకు మొక్కూ లేదు, ఏమీ లేదు. దవడ పండ్లు లేవు. అంతే."

రంగన్న అదిరిపడ్డాడు. "నోరు మూసుకో. మొక్కుండే మనిషి ముందర పొట్టేలు సియ్యలు పెట్టినావంటే మా యమ్మ నిన్ను మీ ఊరికి బండెక్కిస్తాది. నేను గూడా ఆపలేను."

ఆ సంగతి సిద్దమ్మకూ తెలుసు. తన అనుమానం తప్పయితే కాపురమే పోతుంది. నిజమైతే మాత్రం ఒక పెద్దమనిషి పరువుకు జడిసి కడుపు మాడ్చుకుంటున్నట్టు. నలుగురికీ పంచాయితీ చెప్పే మనిషి తనంతట తాను చచ్చినా చెప్పడు. రెండు రోజులు ఆమెకు కంటికి కునుకు లేదు.

ఆదివారం రంగన్న పొట్టేలు మాంసం తెచ్చాడు. ఎప్పటిలాగే మహాదేవమ్మ పెరట్లో దాన్ని వండింది. సిద్దమ్మ మాత్రం ముందే ఎముక లేని నాలుగు పిడికెళ్లు పక్కకు తీసుకుంది. గింజలూ మాంసమూ ఒకేసారి వేస్తే ముక్క ఉడికేలోగా గింజ గుజ్జయిపోతుందని ఆలోచించి, ఉల్లిగడ్డ, అల్లం, ఉప్పుతో మాంసం ఒక్కటే కుక్కరులో పెట్టింది. బాగా ఉడికాక దించి, ఆవిరి పోయాక మూత తీసింది. ముక్క వేళ్ల మధ్య పోగులు పోగులుగా విడిపోయింది. అప్పుడు గింజలు, ధనియాల ముద్ద, కారం వేసి మళ్లీ మూత బిగించింది. చివరన చింతపులుసు పోసింది. మాంసం వేయని ఉత్త పులుసు వేరే గిన్నెలో కాచి పెట్టింది.

మగవాళ్లు భోజనానికి కూర్చున్నారు. సిద్దమ్మ రెండు గిన్నెలు తెచ్చి మామ ముందు పెట్టింది.

"మామా, దీంట్లో ఉత్త పులుసు. దీంట్లో సియ్యలేసిన పులుసు. నాలికతో అదిమితే నలిగిపోతాది. ఏది కావల్లో నువ్వే చెప్పు."

వడ్డిస్తున్న మహాదేవమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏం చేస్తాండావే నువ్వు? సామి మొక్కుతో ఆటలాడతాండావా?" ఆమె కొడుకు వైపు తిరిగింది. "రంగా, లెయ్. బండి కట్టు. ఈ పిల్లను వాళ్లమ్మ ఇంట్లో దిగబెట్టి రా."

రంగన్న తలవంచుకుని లేచాడు. సిద్దమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా కదల్లేదు. మామ మొహమే చూస్తూ నిలబడింది. దేవేంద్రప్ప ఊరకుంటే చాలు, ఆయన పరువు ఆయనకు ఉంటుంది. ఆయన గిన్నె వంక చూశాడు, కోడలి వంక చూశాడు.

"బండి వద్దురా. కూచో," అన్నాడు చివరికి. "ఆ పిల్ల తప్పేం లేదు. మొక్కూ లేదు, గిక్కూ లేదు. దవడ పండ్లు ఒగటొగటే ఊడిపోయినాయి. కడాకు మిగిలిన పన్ను అహోబిలంలోనే ఊడినాది. ముసిలోడైపోయినాడని నలుగురూ నవ్వుతారని సామిని అడ్డం పెట్టుకున్నా."

మహాదేవమ్మ ఉన్నచోటనే గోడకు ఆనుకుని కూలబడింది.

"మొక్కు లేదా?" అంది మెల్లగా.

"లేదు."

"నాతో అయినా చెప్పకపోతివే. మూడేండ్లాయ నేను నోట్లో ముక్క పెట్టుకోక."

దేవేంద్రప్పకు అర్థం కాలేదు. "నువ్వెందుకు మానుకుంటివి?"

"మొగుడు సామికి మొక్కినాక పెండ్లాం తింటే మొక్కు చెడదా? చెడితే నీకేమన్నా అయితాదని భయపడితి."

అత్త మాంసం తినకపోవడం సిద్దమ్మ చూస్తూనే ఉంది. అత్తను అడిగితే మాంసం ఒంటికి వేడి అనేది. ఇంట్లో ప్రతిదీ తరచి తరచి చూసే తను ఆ ఒక్కమాటా నమ్మేసింది. మామ సంగతి సరేసరి. ఆయన తిని చెయ్యి కడుక్కుని పోయాకే అత్త విస్తరి వేసుకుంటుంది. ఆమె ఏం తిన్నదో, ఏం తినలేదో ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

"నీకు పండ్లన్నీ ఉండాయి గదే," అన్నాడు దేవేంద్రప్ప. పైగుడ్డతో మొహం తుడుచుకుని, తన ముందున్న విస్తరిని భార్య వైపు జరిపాడు. దాంట్లో అన్నం ఉంది. దాని మీద సిద్దమ్మ తెచ్చిన మాంసం పులుసు తన చేత్తోనే పోశాడు. నాలుగు ముక్కలు ఏరి పైన వేశాడు.

"తిను."

"మగోళ్లు తినకుండా నేనెట్ల తినేది?"

"నేను చెప్తాండా గదా. తిను."

మహాదేవమ్మ సిగ్గుతో గోడ వైపు తిరిగి ముద్ద కలుపుకుంది.

"ఈ పక్కకు తిరుగు," అన్నాడు దేవేంద్రప్ప.

ఆమె తిరిగింది. ఒక ముద్ద పెట్టుకుంది. నమలడం మొదలుపెట్టగానే కన్నీళ్లు బుగ్గల మీదుగా విస్తరిలోకి జారాయి, అయినా ఆపలేదు. దేవేంద్రప్ప రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాడు. నలభై ఏళ్ల కాపురంలో భార్య అన్నం తింటుంటే ఆయన చూడటం అదే మొదలు.