చప్పుడు రాని గుంత

భువనగిరి నుంచి ఆలేరు పోయే రైలు పట్టాలకు అర మైలు అవతల, గొర్రెలు మేసే రాతి గుట్ట మీద, తొంభై అడుగుల లోతు గుంత ఒకటి ఉండేది. నిజాం జమానాలో ఎవరో ఏదో ఖనిజం ఉందని తవ్వించి, దొరక్క అట్లాగే వదిలేసి పోయారట. అందులో నీళ్లు లేవు. చల్లటి రాతి వాసన, గబ్బిలాల వాసన తప్ప మరేమీ లేదు. పందొమ్మిది వందల అరవై నాలుగు ఎండాకాలంలో, మధ్యాహ్నం రెండింటికి, ఇద్దరు కాలేజీ లెక్చరర్లు ఆ గుంతలోకి ఒక చెక్కపెట్టెను వదలడం, పైకి లాగడం, మళ్లీ వదలడం చేస్తుండేవాళ్లు.

పెద్దాయన ఐలేశం. గొర్ల కాపరి కొడుకు. వీధి దీపాల కింద చదువుకుని, నలభై రెండేళ్లకు భువనగిరి కాలేజీలో ఫిజిక్స్ చెప్పే స్థాయికి వచ్చాడు. చిన్నవాడు మైసయ్య. ఐలేశం దగ్గరే పాఠాలు విని, ఇప్పుడు ఆయన పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. పెట్టెను చేసింది ఐలేశం. దానిలో ఏం పెట్టాలో ఆలోచించింది మైసయ్య.

పెట్టెకు ఒక పక్క అద్దం. లోపల చిన్న వత్తి దీపం, ఎన్నోసారి వదులుతున్నారో రాసిన పలక, చావి ఇస్తే ముప్పై సెకన్లు తిరిగే ఫిల్ము కెమెరా. పైకి లాగడానికి ఒక తాడు. గిరక తిప్పే ముసలి కాపరి బీరన్నకు ఇదంతా పిచ్చి పనిలాగే ఉండేది.

"పెట్టె పడుతున్నంత సేపు దాంట్ల దేనికీ బరువుండది తాతా," అని మైసయ్య ఓపిగ్గా చెప్పేవాడు. "బరువు లేకుంటే వేడి గాలి పైకి పోదు. మంట నిలబడది. గుండ్రంగ, నీలంగ, రేగుపండు లెక్క అయితది. రష్యావోళ్లు మనిషిని ఆకాశంలకు పంపిండ్రు గదా. ఆ బండిల నిప్పంటుకుంటే ఎట్ల మండుతదో, ఎట్ల ఆర్పాల్నో మనకు ఎరుకైతది. కరిగిన ఇనుమును గిట్లనే వదిలితే ఒక్క వంకర లేని గుండ్లయితయి. మోటర్ల బేరింగులకు పనికొస్తయి."

"రెండు సెకన్లకే ఇదంతనా?"

"రెండు సెకన్ల మీద జరంత. అంతకంటె లోతు గుంత మనకు దొరకలే."

బీరన్న నవ్వేవాడు. ఐలేశం మాత్రం నవ్వేవాడు కాదు. గుంత వెతికి పట్టింది తానే, కెమెరా అడుక్కొచ్చింది తానే. చెప్పే నోరు మాత్రం మైసయ్యది. కాలేజీలో పిల్లలు కూడా ఇప్పుడు 'మైసయ్య సార్ ప్రయోగం' అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ఐలేశానికి అన్నం చేదుగా ఉండేది.

జూన్ మొదటి వారంలో బొంబాయిలోని పెద్ద పరిశోధనశాల నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చి చేరమని పిలుపు. కవరు మీద ఒక్క పేరే ఉంది, మైసయ్యది.

"మీరు లేకుంటే నేను లేను సార్," అని మైసయ్య కాళ్లకు దండం పెట్టాడు. ఐలేశం అతని తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి కొంచెం గట్టిగా నొక్కింది.

మర్నాడు పొద్దున ఐలేశం ఒక్కడే గుట్టకు పోయి చూసుకున్నాడు. నిలబడడానికని గుంత మీద అడ్డంగా వేసిన చెక్కకు నడిమధ్య పగులు ఉంది. నిన్న లేదు. ఆయన దాని మీద వేలు పెట్టి చివరిదాకా తడిమాడు. మధ్యాహ్నం మైసయ్యకు చెప్పాలనుకున్నాడు. మధ్యాహ్నం మైసయ్య బొంబాయిలో కిరాయి ఇల్లు గురించి, భార్య యాదమ్మకు సముద్రం చూపించడం గురించి మాట్లాడుతూనే వచ్చాడు. ఐలేశం చెప్పలేదు.

బీరన్న గొర్రెలకు నీళ్లు పెట్టడానికి దిగువకు పోయాడు. మైసయ్య పెట్టె కొక్కెం సరిచేయడానికి ఆ చెక్క మీదికి ఎక్కి వంగాడు. కర్ర విరిగిన చిన్న శబ్దం. మైసయ్య అరవలేదు. వెనక్కి తిరిగి ఐలేశం ముఖం వైపు ఒక్కసారి చూశాడు. అంతే.

అలవాటు కొద్దీ ఐలేశం బొటనవేలు చేతిలోని స్టాప్ వాచీని నొక్కింది.

ఒకటి. రెండు.

చప్పుడు రాలేదు.

ఐదు... పది... గుంతలోంచి చల్లటి గాలి తప్ప ఏమీ రాలేదు. గబ్బిలాలు కూడా కదలలేదు. ఐలేశం, అడుగు చూడడానికి రోజూ తెచ్చుకునే చేతి అద్దం పట్టి ఎండను గుంతలోకి తిప్పాడు. వెలుతురు మెల్లగా జారి అడుగుకు చేరింది. పెట్టె కోసం పరిచిన ఇసుక. నున్నగా ఉంది. దాని మీద ఎవరూ లేరు.

పదకొండు నిమిషాలకు వాచీ ఆపాడు. విరిగిన చెక్క తీసి కొత్తది వేశాడు. బీరన్న తిరిగొచ్చేసరికి ఆయన చెమట తుడుచుకుని కూర్చుని ఉన్నాడు.

"మైసయ్య సారేడి?"

"చిట్యాల దిక్కు పోయిండు. బస్సెక్కి హైదరాబాదు, ఆడికెల్లి బొంబాయి."

ఉత్తరం సంగతి ఊరందరికీ తెలుసు కనుక అందరూ నమ్మారు. యాదమ్మ ఒక్కతే నమ్మలేదు. వారం తర్వాత ఐలేశం ఇంటి గుమ్మంలో నిలబడింది.

"బట్టలు సుత తీస్కపోలే సారు. నాతోని చెప్పకుండ పోడు. మీకేమన్న చెప్పిండా?"

"ఫికర్ చెయ్యకమ్మా. ఉత్తరం రాస్తడు."

ఆమె పోయాక ఐలేశం పెట్టెను మళ్లీ బయటికి తీశాడు. ప్రయోగం ఇక తనది. పలక మీద సుద్దతో పెద్ద అక్షరాలతో తన పేరు రాశాడు. బీరన్నను పిలుచుకుని గుట్టకు పోయి పెట్టెను వదిలాడు.

తాడు బుసకొడుతూ తొంభై అడుగులు పోయి ఆగింది. చప్పుడు రాలేదు. తాడు బిగుసుకోలేదు, వదులు కూడా కాలేదు. నీళ్లలో నాచులాగా అటూ ఇటూ ఊగుతోంది.

"లాగు," అన్నాడు ఐలేశం.

బీరన్న గిరక తిప్పాడు. ఒక్క వేలితో తిప్పుతున్నట్టు తిరిగింది. "సారూ... బరువు లేదు. పెట్టె తెగిపోయినట్టుంది."

పెట్టె తెగలేదు. గుంత అంచు దాటగానే దాని బరువంతా ఒక్కసారి దానికి వచ్చి, బీరన్న చేతిలోంచి గిరక కడ్డీ ఎగిరి మోకాలికి తగిలింది. ముసలాయన కుంటుకుంటూ లేచి, గొర్రెలను తోలుకుని, వెనక్కి చూడకుండా గుట్ట దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఐలేశం పెట్టెను కాలేజీ చీకటి గదికి మోసుకొచ్చి, చీకట్లోనే తడుముకుని కెమెరా తీసి, ఫిల్ము కడిగి తెర మీద వేసుకున్నాడు. మొదట మామూలు మంట. పెట్టె వదలగానే అది ముడుచుకుని గుండ్రటి నీలి పూస అయింది. రెండు సెకన్లు దాటాయి. పది దాటాయి. ముప్పై సెకన్లూ ఆ నీలి పూస అట్లాగే నిలబడి ఉంది. ప్రపంచంలో ఏ పరిశోధనశాల దగ్గరా లేని ముప్పై సెకన్లు. ఆయనకు భయం కంటే ముందు ఆనందం వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు చూశాడు. తెర అంచు నుంచి ఒక చెయ్యి మెల్లగా లోపలికి వచ్చింది. వత్తి చావిని జాగ్రత్తగా, కొంచెం వెనక్కి తిప్పింది. మంట ఇంకా గుండ్రంగా అయింది.

ఐలేశం లైటు వేసి పెట్టె తెరిచాడు. పలక మీద తన పేరు లేదు. పక్కకు వాలిన ఆ చేతిరాత ఆయనకు పదేళ్లుగా తెలుసు.

'వత్తి ఎక్కువైంది సార్.'

వాడు బతికే ఉన్నాడు, ఇంకా పడుతూనే ఉన్నాడు అన్న ఆలోచన కంటే, అక్కడి నుంచి కూడా తనను సరిదిద్దాడన్న ఆలోచనే ఆయన గుండెను ఎక్కువ కొరికింది.

మర్నాడు ఒంటరిగా పోయాడు. పలక మీద రాశాడు. 'ఎట్లున్నవు' అని కాదు. 'ఏం కనబడుతంది' అని. పెట్టె వదిలాడు. ఎండ నెత్తిన మండుతున్నా గుంత అంచు చుట్టూ గాలి మంచులా ఉంది. దీపం నూనె వాసన. దానితో పాటు మైసయ్య తలకు రాసుకునే కొబ్బరి నూనె వాసన... పెట్టెను పైకి లాగాడు.

పలక నిండా అక్షరాలు.

'ఇక్కడ కన్నీళ్లు సుత గుండ్రంగనే ఉన్నయి సార్. జారయి. చూడాలె మీరు. ఇప్పుడు తాడు పట్టుకుంట. గుంజుండ్రి. యాదమ్మకు చెప్పుండ్రి.'

ఐలేశం తాడును లోపలికి వదిలాడు. కాసేపటికి తాడు మూడుసార్లు కదిలింది. చిన్నగా. గట్టు మీద నిలబడ్డ మనిషి చెయ్యి పట్టుకున్నట్టు.

లాగడానికి ఏ బరువూ లేదు. ఒక్క వేలు చాలు.

రెండు బారలు లాగాడు. అప్పుడు ఆయనకు రేపటి రోజు కనిపించింది. మైసయ్య బయటికి వస్తాడు. ఏ మనిషీ చూడనిది చూసి వస్తాడు. బొంబాయి కాదు, రష్యావాళ్లే వచ్చి తీసుకుపోతారు. పత్రికల్లో ఫోటో. దాని కింద, గుంత దగ్గర తాడు లాగినవాడు ఒక ఐలేశం.

జేబులోంచి చాకు తీశాడు. తాడు తెగినప్పుడు కూడా చప్పుడు రాలేదు.

కాలేజీ వాళ్లకు, గొర్రెలు పడిపోతున్నాయి, గుంత పూడ్చాలి అని చెప్పాడు. ముప్పై బండ్ల రాళ్లు తెప్పించి పోయించాడు. బండి వెంట బండి ఒంపుతుంటే బీరన్న అంచున కూర్చుని చెవి పెట్టి విన్నాడు. ఒక్క రాయి పడ్డ శబ్దం లేదు. గుంత నిండలేదు. బండ్లవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి మీద పెద్ద బండ కప్పించి, ఐలేశం ఇంటికి వచ్చి స్నానం చేశాడు.

వానలు మొదలయ్యాయి. ఐలేశం ఆ ముప్పై సెకన్ల మంట గురించి తన ఒక్కడి పేరుతో వ్యాసం రాసి బొంబాయికి పంపాడు. యాదమ్మ ఇంకా చిట్యాల రోడ్డు మీద ఆగే బస్సులన్నీ చూస్తోందని ఎవరో చెప్పారు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం, ఆయన క్లాసులో ఉండగా, బీరన్న కర్ర పట్టుకుని, గొంగడి తడిసి నీళ్లు కారుతుండగా గుమ్మంలో నిలబడ్డాడు. ఐలేశం బయటికి వచ్చాడు.

"పొద్దుగాల బండ మీద కూసున్న సారు," అన్నాడు ముసలాయన గుసగుసగా. "కింద చప్పుడైంది. మెత్తగ. బస్త పడ్డట్టు."

ఐలేశం క్లాసు తలుపు దగ్గరికి వేశాడు.

"జరసేపు ఏం లేదు. తర్వాత ఎవరో పిలిచిండ్రు. నొప్పితోని పిలిచినట్టు."

"ఏమని?"

"మీ పేరు సారు."

వరండాలో వాన చినుకులు పడుతున్నాయి.

"తర్వాత?"

"తర్వాత రాళ్లు," అన్నాడు బీరన్న. "ఒకదాని మీద ఒకటి. నేనొచ్చేటాళ్లకు సుత పడ్తనే ఉన్నయి. పిలుసుడు... ఇంకా ఆగలే."