ఇక లేవచ్చు

చిన్న కథే. పొయ్యి మీద నీళ్ళు కాగేలోపు చెప్పేస్తాను. కాకపోతే ముందు ఆ ఆస్పత్రి సంగతి తెలియాలి.

నగరం నడిబొడ్డునున్న ఆ పెద్దాసుపత్రిని మొదట గుర్రాల కోసం కట్టారట. తర్వాత మనుషులకిచ్చారు. తేడా ఏమొచ్చిందని మా ఊరివాళ్ళనడిగితే, ఆలోచించి చెబుతామంటారు. డాక్టరు చదువు చెప్పే చోటు కదా, అక్కడ చదివినవాళ్ళు బోర్డు మీద తమ పేరు చిన్నగా, ఆస్పత్రి పేరు పెద్దగా రాయించుకుంటారు. అక్కడ వైద్యం చేయించుకున్నవాళ్ళు ఏడాదిపాటు మనతో సరిగా మాట్లాడరు. మా వీధి చివరి దర్జీ ఒట్టి గజ్జికి వెళ్ళొచ్చి, ఇప్పటికీ "నా కేసు" అంటాడు.

అంత పేరున్న ఆస్పత్రిలో చెడ్డపేరున్న గది ఒకటుంది. పాత పాఠాల గది. చుట్టూ మెట్లు మెట్లుగా బెంచీలు, కింద మధ్యలో రెండు ఇనుప బల్లలు. రోగిని బల్ల మీద పడుకోబెట్టి విద్యార్థులకి పాఠం చెబుతారు. చివర్న పెద్ద డాక్టరు "ఇక లేవచ్చు" అనాలి. ఆ మాట పడేదాకా రోగిని ఇంకెవరూ కదపకూడదు. అది అక్కడి పద్ధతి.

ఎప్పుడో ఒకసారి ఆ మాట అనడం మరిచిపోయారట. పడుకున్నావిడ పడుకున్నట్టే పోయిందట. చీకటి పడ్డాక ఆ గుమ్మం ముందునుంచి వెళితే వినబడుతుందని చెప్పుకుంటారు—

"లేవచ్చా...?"

పెద్ద డాక్టరు ఇదంతా కొట్టిపారేసేవాడు. "దెయ్యానికి నాడి ఉండదు. నాడి లేనివాళ్ళని నేను చూడను," అని ఏటా మొదటి పాఠంలో అనేవాడు. విద్యార్థులు ఏటా నవ్వేవాళ్ళు. నవ్వక చస్తారా, మార్కులు ఆయన చేతిలోనే.

ఆ ఏడు మా మేనత్త గుండె జబ్బుతో అక్కడ చేరింది. అత్త చెప్పింది కొంత, ఆమె వార్డు నర్సు చెప్పింది కొంత— ఇక నేను కలిపిందేమీ లేదు.

ఓ సాయంత్రం అత్తని ఆ బల్ల మీద పడుకోబెట్టారు. "ఇలాంటి గుండె చప్పుడు మళ్ళీ దొరకదు, అందరూ వినండి," అన్నాడు పెద్ద డాక్టరు. అత్త పొంగిపోయింది. ఇంతలో పై అధికారులు తనిఖీకి వచ్చారని కబురొచ్చింది.

"కదలకమ్మా, ఇప్పుడే వస్తాను," అని ఆయన పరిగెత్తాడు. వెనకే విద్యార్థులు. తలుపు దగ్గర ఎవరో దీపం ఆర్పేశారు.

మామయ్య మాట గానీ, అత్తగారి మాట గానీ జన్మలో వినని మా అత్త, ఆ డాక్టరు మాట విన్నది. కదల్లేదు. బయట కూర్చున్న వార్డు మనిషి "ఇక లేవచ్చు" కోసం చూసి చూసి, డ్యూటీ దిగి ఇంటికెళ్ళిపోయాడు.

చీకటి పడింది. అత్తకి గొంతు ఎండిపోతోంది. ఛాతీ బరువెక్కుతోంది. బయట అడుగుల చప్పుడు వినబడగానే పిలిచింది...

"బాబూ... లేవచ్చా?"

వాచ్‌మన్ లాంతరు వదిలేసి పారిపోయాడు. తర్వాత ఇద్దరు కుర్ర డాక్టర్లు వచ్చారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పారిపోయారు. నర్సు కూడా గుమ్మందాకా వచ్చి వెనక్కి తిరిగింది. "నాకూ వినబడింది," అని నాతో అన్నప్పుడు నేల చూసింది.

అక్కడ వార్డులో అత్త మంచం ఖాళీ. మందు వేసే వేళ దాటిపోయింది. వేళకి వెయ్యకపోతే ఆగిపోయే గుండె అది. ఆస్పత్రంతా వెతికారు— ఆ ఒక్క గది తప్ప.

తనిఖీ హడావుడిలో ఆమెని ఎక్కడ వదిలాడో మరిచేపోయిన పెద్ద డాక్టరు కూడా వెతుకుతూ ఆ గది ముందు వసారాలోకి వచ్చాడు. ఒంటరిగా.

"లేవచ్చా...?"

ఆయన నిలబడిపోయాడు. మరుక్షణం పరుగు. ఒక కాలి బూటు ఊడి అక్కడే పడింది. ఒంటి బూటుతో వార్డులోకి ఎలా వెళ్ళడం? మలుపు దగ్గర ఆగాడు. అప్పుడు మళ్ళీ వినబడింది, ఇంకా సన్నగా—

"కదలకమ్మా అన్నారుగా, డాక్టరుగారూ... ఇప్పుడే వస్తానన్నారుగా..."

ఆ మాటలు ఆయనవే.

రోగి కోసమే వెనక్కొచ్చానని ఆయన అంటాడు. బూటు కోసమని మా అత్త అంటుంది.

దీపం వేసి, నర్సుని కేకేశాడు. నర్సు మందు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అత్త నాలుక కింద మాత్ర పెట్టి, నాడి పట్టుకుని, ఆ ఇనుప బల్ల పక్కనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చాలాసేపటికి నాడి కుదురుకుంది.

"ఇక లేవచ్చమ్మా," అన్నాడు. తలెత్తలేదు.

"నాకు చెప్పారు, సరే. మరి ఆవిడకో?"

"ఎవరికమ్మా?"

"పక్క బల్లావిడకి. నాకంటే ముందునుంచీ ఉన్నానంది, పాపం. ఆవిడ ధైర్యం చెప్పబట్టి గానీ, లేకపోతే భయంతోనే పోయేదాన్ని. మీరంతా పిలిస్తే పలక్కుండా పోతుంటే, వీళ్ళింతేనమ్మా, అలవాటైపోతుంది అంది."

పక్క బల్ల మీద ఎవరూ లేరు.

నర్సు చూస్తోంది. గుమ్మంలో కుర్ర డాక్టర్లు చూస్తున్నారు. పెద్ద డాక్టరు ఎవరి వైపూ చూడకుండా ఆ ఖాళీ బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పయిందమ్మా," అన్నాడు మెల్లగా. "పాఠం అయిపోయింది. ఇక లేవచ్చు."

ఏమీ కాలేదు. గాలి వీచలేదు, బల్ల కిర్రుమనలేదు. అత్తని వార్డుకి తోసుకుపోయారు.

తెల్లారి చూస్తే, అత్త పక్కనున్న ఖాళీ మంచం మీద దుప్పటి నలిగి ఉంది. దిండు మీద తల పెట్టిన గుంట ఉంది. నర్సు దుప్పటి మార్చబోతే అత్త వద్దంది.

పెద్ద డాక్టరు రౌండ్లకి వచ్చాడు. అత్తని చూశాడు. తర్వాత ఆ మంచం దగ్గర కూడా ఆగి, "ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.