జయశ్రీ జుట్టుకు వేసిన రంగు

జయశ్రీ పొద్దున్నే కొండ ఊట దగ్గరికి రెండుసార్లు తిరిగి రెండు బిందెల నీళ్లు తెచ్చుకుంది. బోరు నీళ్లలో ఇనుము ఎక్కువ. వాటితో తలంటుకుంటే జుట్టుకు వేసిన బంగారు రంగు ఇత్తడిలా మారిపోతుందని, విశాఖపట్నంలో ఆమె పనిచేసే సెలూన్ మేడమ్ మరీ మరీ చెప్పింది. వేడినీళ్లు వద్దు. వారానికి రెండుసార్లే తలంటాలి. ఇత్తడి పసుపు తేలకుండా ఆపే ఊదారంగు షాంపూ మూడు నిమిషాలే ఉంచాలి. పది రోజుల్లో మేడమ్ కొత్త సెలూన్ ప్రారంభం. ఆ రోజు వచ్చినవాళ్లకు చూపించేది జయశ్రీ జుట్టునే. రంగు నిలబడితే, రంగులు వేసే పని ఇక ఆమెదే. రెండేళ్లుగా నేల ఊడుస్తూ, తువ్వాళ్లు ఉతుకుతూ ఉన్న పిల్లకు అది చిన్న సంగతి కాదు.

కాఫీ పళ్లు కోయడానికి సెలవు పెట్టి, అరకు దగ్గర తమ ఊరికి వచ్చి మూడు రోజులైంది. ఈ మూడు రోజులూ తల్లి రత్న ఆమె ముఖం చూసి మాట్లాడలేదు. అన్నం కూడా గోడవైపు చూస్తూనే వడ్డించింది.

పెరట్లో బిందెలు దించేసరికి షాంపూ సీసా కనబడలేదు. గోడ పక్కన మట్టి ఊదారంగులో తడిసి ఉంది.

"అమ్మా, నా షాంపూ ఏది?"

"పారబోసీసేను." రాగులు చెరుగుతున్న రత్న తల ఎత్తలేదు. "సంతలో నల్లరంగు పేకెట్టు తెచ్చేను. బేగి రాసుకో. ఆ తలతో నా కళ్ల ముందు తిరక్కు."

"ఊళ్లోవోళ్లు ఏటనుకుంటారోనని నీ భయం!"

"ఊరితో నాకేటి పని?"

"మరేటి? నేనేటి తప్పు సేసేను? రెండేళ్లు ఎవరెవరివో ఎంటికలు ఊడ్సేను. ఇప్పుడు నాకో పని ఇత్తామంటన్నారు. నా కూతురు బాగుపడతాదని ఒక్కసారి అన్నావా? అసలు నువ్వు నాకు తల్లివేనా?"

మెట్టు మీద కత్తి నూరుకుంటున్న తండ్రి సోంబరు, "గుంటా, అంత మాట అనకు," అని లేవబోయాడు.

రత్న చేతిలోంచి చేట జారి రాగులు నేలపాలయ్యాయి.

"తల్లినే. నీకన్నా ముందు ఇంకొకడికి కూడా తల్లిని."

జయశ్రీకి అర్థం కాలేదు. తండ్రి వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"గాసి అని పేరెట్టుకున్నాం," అంది రత్న. "నువ్వు పుట్టకముందు. ఆడికి రెండో ఏడు, వానలప్పుడు ఇంట్లో గింజ లేదు. జావ పట్టినా ఆడికి ఒంటబట్టలేదు. నల్లటి జుట్టు మొక్కజొన్న పీసులాగ అయిపోనాది. నాకేటి తెల్సు? నా కొడుకు దొరబిడ్డలాగున్నాడని మురిసిపోయేను. నూనె రాసి, దువ్వి, అందరికీ సూపించేను. అది ఆకలి రంగని ఆస్పత్రిలో నర్సమ్మ సెప్పింది. అప్పటికే ఆలస్యమైపోనాది."

ఆమె కూతురి తల వైపు చూసింది. "నీ తల సూత్తే ఆడే గుమ్మంలో నిలబడినట్టుంటాదే."

జయశ్రీ నల్లరంగు పేకెట్టు తీసి చింపబోయింది. "రాసీసుకుంటానమ్మా. ఆ పని కాకపోతే ఇంకో పని."

రత్న గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. "వద్దు. ఆడికి తిండి పెట్టలేకపోయేను. నీ నోటికాడి కూడు కూడా నేనే లాగీసుకోవాలేటి? ఆ షాంపూ మళ్లీ ఎక్కడ దొరుకుతాదో సూడు."

"మేడమ్‌కి ఫోన్ సేత్తే బస్సులో పంపుతారులే." జయశ్రీ తల్లి పక్కన కూలబడింది. మెల్లగా అడిగింది. "అన్న ఎలాగుండేవోడమ్మా?"

ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ అడగని మాట అది. సోంబరు వచ్చి దగ్గర కూర్చున్నాడు.

"పుంజు కూత్తే తిరిగి కూసేవోడు."

"కూతేటి? పిల్లి అరిసినట్టుండేది," అని నవ్వబోయి రత్న ఏడ్చేసింది. కూతురి తలను గుండెకు హత్తుకుని, ఆ జుట్టులోకి వేళ్లు పోనిచ్చి, కొడుకును పేరు పెట్టి పిలుస్తూ బిగ్గరగా ఏడ్చింది. సోంబరు ఆమెను ఊరుకోమనలేదు.